బేబీ సిస్టర్ చెయ్యి

జల్‌పల్లిలో ఎవరికైనా నీరసం వస్తే ముందు గుర్తొచ్చేది డాక్టరు కాదు, బేబీ సిస్టర్. ఎండదెబ్బ తగిలినా, పెళ్ళిపనుల్లో కాళ్ళు పీకినా, కోడలి మీద అలిగి అన్నం మానేసినా అక్కడ మందు ఒక్కటే: బాటిల్ ఎక్కించుకోవడం. మాత్రలిస్తే మొహం ముడుచుకుంటారు. సూది వేస్తే, సరే, ఏదో చేశారులే అనుకుంటారు. గ్లూకోజ్ బాటిల్ పెడితే మాత్రం, అబ్బో, ఆ మర్యాదే వేరు! మంచం చుట్టూ చుట్టాలు చేరతారు, కొబ్బరిబొండాలు వస్తాయి, మాటలు మానేసినవాళ్ళు కూడా గుమ్మం దగ్గర నిలబడి ఎట్లుందని అడిగి పోతారు. ఒక్క బాటిల్‌కి ఇంత గౌరవం దొరుకుతుంటే ఎవరు వద్దంటారు చెప్పండి?

ఆ బాటిల్ పెట్టడంలో బేబీని మించినవాళ్ళు లేరని ఊరంతా ఒప్పుకుంది. ముసలివాళ్ళ చేతుల్లో ఎండిపోయిన నరాలైనా, బొద్దుగా ఉన్నవాళ్ళ చేతుల్లో లోపలెక్కడో దాక్కున్న నరాలైనా ఆమె బొటనవేలికి లొంగాల్సిందే. చెయ్యి పట్టుకుని మెల్లగా నిమురుతూ "ఇయ్యాల ఏం కూర వండినవ్ పెద్దమ్మా?" అని అడిగేది. పెద్దమ్మ వంకాయో బీరకాయో తేల్చుకునేలోపు సూది లోపల ఉండేది. రెండోసారి గుచ్చిన పాపాన పోలేదు. దాని గురించి బేబీ పైకి ఏమీ అనేది కాదు గానీ, లోలోపల కొంచెం టెక్కు ఉండేది. ఉండదా మరి?

బేబీ అనేది ముద్దుపేరు కాదు, అసలు పేరే. మంచి పేరు తర్వాత పెడదాంలే అనుకుని పెట్టడమే మరిచిపోయారు అమ్మానాన్నలు. బడిలో అదే రాశారు, నర్సు ట్రైనింగు సర్టిఫికెట్ మీదా అదే అచ్చయింది. ధూల్‌పేట్ వెనక సందులో, వినాయకుడి బొమ్మలకు రంగులేసే ఇళ్ళ మధ్య ఒక ఇరుకు గదిలో పెరిగింది. తల్లి నాలుగిళ్ళలో అంట్లు తోమి చదివించింది. బేబీ తెల్ల బట్టలు తొడుక్కుని మొదటిసారి డ్యూటీకి వెళ్ళిన రోజు ఆ తల్లి సందు చివరిదాకా వెనకే నడిచి వచ్చి, దారిలో కనిపించిన ప్రతివాళ్ళకూ "మా బిడ్డ నర్సమ్మ" అని చెప్పింది. ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు.

ఇక పెళ్ళయ్యి జల్‌పల్లికి వచ్చాక దొరికిన అత్తగారు ఆగమ్మ. అత్తాకోడళ్ళ గొడవలు విని విని మీ చెవులు చిల్లులు పడి ఉంటాయి. ఇక్కడ ఆ ఆశ పెట్టుకోకండి. బల్దియాలో రోడ్లు ఊడ్చి ఊడ్చి రిటైరైన మనిషి ఆగమ్మ. కొడుకు ఇశ్రాయేలు బస్సు డిపోలో మెకానిక్కు. కొడుకు సంగతి ఎవరైనా అడిగితే "ఉన్నడు, ఏదో చేస్తడు" అనేది. కోడలి సంగతి అడిగితే మాత్రం ముందు అడిగినవాళ్ళను కూర్చోమనేది, ఎందుకంటే ఆ మాట తొందరగా అయ్యేది కాదు.

ఆదివారం చర్చిలో పాటలయ్యాక పాస్టర్ జోయెల్ "దేవుడు చేసిన మేలు చెప్పేవాళ్ళు లేవండి" అనగానే అందరికంటే ముందు లేచేది ఆగమ్మే. మిగతావాళ్ళు జ్వరం తగ్గిందనో, ఉద్యోగం వచ్చిందనో చెప్పి కూర్చునేవారు. ఆగమ్మ చెప్పేది కోడలి చెయ్యి గురించి. ఏ వీధిలో ఎవరికి బాటిల్ పెట్టిందో, వాళ్ళు ఎట్లా లేచి కూర్చున్నారో, పేర్లతో సహా, గొంతెత్తి, వెనక బెంచీదాకా వినబడేలా చెప్పేది. "క్లుప్తంగా అమ్మా, క్లుప్తంగా" అనేవాడు పాస్టర్. "క్లుప్తమే అయ్యగారూ" అని ఇంకో వీధి మొదలుపెట్టేది. బేబీ సిగ్గుతో కొంగు నోట్లో కుక్కుకునేది.

తను పనిచేసే పాత నర్సింగ్‌హోమ్ మూతపడ్డాక బేబీకి నయాపూల్ దగ్గర కొత్త పని దొరికింది. పెళ్ళిపత్రికలు అచ్చువేసే దుకాణం పైన శ్రీపాద అనే ఆయన ‘తళుకు డ్రిప్ లాంజ్’ పెట్టాడు. ఇంట్లో తరతరాలుగా గుడిసేవ. ఈయన మాత్రం మార్కెటింగ్ చదివి, మనుషులకు సేవ చేద్దామనుకున్నాడు. మంచివాడే, కాకపోతే తొందరెక్కువ. మెత్తటి వాలుకుర్చీలు, చల్లటి ఏసీ, గోడ మీద నియాన్ అక్షరాలు. బాటిళ్ళలో విటమిన్లు కలిపి ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టాడు: పెళ్ళికూతురు కాంతికి ఒకటి, దావత్ మర్నాటి తలనొప్పికి ఒకటి, ఊరికే హుషారుకి ఒకటి. మొదటిరోజు ఆ జాబితా చూసి బేబీకి నవ్వాగలేదు. జల్‌పల్లిలో నులకమంచం మీద జరిగేదే ఇక్కడ సోకుగా జరుగుతోంది, అంతే తేడా!

బోర్డు మీద డాక్టర్ అభిజ్ఞ పేరు ఉండేది. చర్మవైద్యం చదివిన చిన్నపిల్ల, బుద్ధిమంతురాలు. అయితే ఆమెకు వేరేచోట ఉద్యోగం ఉండడంతో కొన్ని సాయంత్రాలే వచ్చేది. మిగతా వేళల్లో ఫోన్‌లో మొహం చూపించేది. మొదట్లో బీపీ ఎంత, షుగరుందా, కిడ్నీ పరీక్ష చేయించారా అని అన్నీ అడిగేది. పోనుపోనూ "ఓకే సిస్టర్, పెట్టేయండి" అనడం దాకా వచ్చింది. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం కూడా తగ్గింది.

"సార్, డాక్టరమ్మ చూడకుంట పెట్టొచ్చా?" అని ఒకసారి బేబీ అడిగింది.

"విటమిన్లే కదా సిస్టర్. నారింజపండు తినడానికి డాక్టర్ చీటీ కావాలా?" అన్నాడు శ్రీపాద నవ్వుతూ.

కాదనడానికి బేబీకి మొహమెక్కడిది? జల్‌పల్లి ఇళ్ళలో ఇన్నేళ్ళూ తను ఏ డాక్టరును అడిగి పెట్టింది? అక్కడ లేని తప్పు ఇక్కడెట్లా తప్పవుతుందని తనకు తానే సర్దిచెప్పుకుంది.

ఆ రోజుల్లోనే ఆరోగ్యశాఖ వాళ్ళు ఇట్లాంటి డ్రిప్ క్లినిక్‌లన్నీ తనిఖీ చేస్తున్నారని గుప్పుమంది. ఎవరైనా వచ్చి అడిగితే డాక్టర్ గారు ఇప్పుడే భోజనానికి వెళ్ళారని చెప్పాలని శ్రీపాద అందరికీ పాఠం చెప్పాడు. బేబీ తలూపింది.

సరిగ్గా అప్పుడే ఆగమ్మకు ఆ లాంజ్‌లో బాటిల్ ఎక్కించుకోవాలని బుద్ధి పుట్టింది. మేనకోడలు భాగ్యశ్రీ పెళ్ళి దగ్గరపడింది. మొహం కళగా ఉండాలి కదా! "పెండ్లి పిల్ల కన్న నువ్వే మెరవాల్నా అమ్మా?" అని ఇశ్రాయేలు ఏడిపించాడు. "నాకేం తక్వరా?" అంది ఆగమ్మ. నిజానికి ఆమెకు కాంతి మీద కన్నా ఆ వాలుకుర్చీ మీద మోజు. జీవితమంతా రోడ్ల మీద నడుం వంచిన మనిషి, ఏసీలో కాళ్ళు చాపుకుని కూర్చోవాలనుకుంది. అందులో తప్పేముంది? మధ్యాహ్నం ఎవరూ రాని వేళ చూసి బేబీ అత్తను తీసుకొచ్చి కూర్చోబెట్టింది. అభిజ్ఞకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మా అత్తే కదా అనుకుంది. పసుపుపచ్చ బాటిల్ పెట్టింది.

"అబ్బ, మస్తుంది బిడ్డా! గీ కుర్చీల కూసుంటే చచ్చిపోయినా ఫికర్ లేదు" అని ఆగమ్మ కళ్ళు మూసుకుంది.

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. ఒక ఆఫీసరమ్మ, వెనక ఇద్దరు మనుషులు. అరిచే రకం కాదు ఆమె, నెమ్మదిగా అన్నీ చూసే రకం, అదే భయం. గోడకున్న రిజిస్ట్రేషన్ కాగితం చదివింది. "ఇది డాక్టర్ కూర్చుని రోగుల్ని చూసే గదికి ఇచ్చిన అనుమతి. సెలైన్లు పెట్టడానికి కాదు. ఎవరికైనా మందు వికటిస్తే ఇక్కడ ఆక్సిజన్ ఏది? డాక్టర్ ఎక్కడ?"

"ఇప్పుడే భోజనానికి వెళ్ళారు మేడం" అన్నాడు శ్రీపాద.

ఆఫీసరమ్మ కుర్చీ వైపు తిరిగింది. "అమ్మా, మిమ్మల్ని డాక్టర్ చూశారా? భయపడకుండా చెప్పండి."

చెప్పండి అన్నారు! ఆగమ్మను! అట్లా ఎవరైనా అడగాలేగానీ, కూర్చుని చెప్పడం ఆమె ఎరగదు. చేతికి సూది ఉండగానే లేచి నిలబడింది. పైన బాటిల్ ఊయలలూగింది.

"ప్రభువుకు స్తోత్రం. డాక్టర్ ఎందుకు మేడం, మా కోడలు ఉండంగ? ఈమె చెయ్యి తాకితే నొప్పి తెల్వది. మా జల్‌పల్లిల అడుగుండ్రి. రామలింగయ్యకు ఇంటికి పోయి బాటిల్ పెట్టింది. ఎల్లేష్ వాళ్ళమ్మకు పెట్టింది. మా గల్లీల ఏ డాక్టరూ రాడు, ఈమెనే మాకు డాక్టరు..."

బేబీ ఆపమని కళ్ళు పెద్దవి చేసి సైగ చేసింది. చర్చిలో వెనక బెంచీ వాళ్ళు తమకు వినబడనప్పుడు అట్లాగే కళ్ళెగరేస్తారు. ఆగమ్మ ఇదీ అదే అనుకుని గొంతు ఇంకా పెంచింది. రెండో వీధి అయ్యి మూడో వీధిలో పడింది. ఆఫీసరమ్మ వెనకున్న మనిషి రాసుకుంటూనే ఉన్నాడు.

శ్రీపాద బేబీ పక్కకు జరిగి గుసగుసగా "పెద్దావిడకు మతిస్థిమితం లేదని చెప్పండి సిస్టర్. ఆ ఒక్కమాటతో మీరూ బయటపడతారు, నేనూ బయటపడతాను" అన్నాడు.

"సిస్టర్, ఈవిడ చెప్పేదంతా నిజమేనా?" ఆఫీసరమ్మ అడిగింది.

బేబీ అత్తవైపు చూసింది. ఆగమ్మ మొహం వెలిగిపోతోంది. కాంతి బాటిల్ వల్ల కాదు, కోడల్ని గొప్పవాళ్ళ ముందు పొగిడానన్న సంతోషం వల్ల. ఆ మనిషిని పిచ్చిదనడానికి బేబీకి నోరు రాలేదు.

"మా అత్తకు తెలివి మంచిగనే ఉన్నది మేడం. చెప్పిందంతా నిజమే."

తర్వాత అన్నీ చకచకా జరిగిపోయాయి. ఆఫీసరమ్మ ముందు ఆగమ్మ సూది తీయించి, బీపీ చూపించి, ఆ తర్వాతే మిగతా సంగతి చూసింది. అనుమతులు వచ్చేదాకా క్లినిక్కు తాళం. శ్రీపాదకు, అభిజ్ఞకు నోటీసులు. బేబీ సంగతి నర్సుల రిజిస్ట్రేషన్ చూసే ఆఫీసుకు రాస్తామన్నారు. రాశారు కూడా. విచారణకు రావాలని, పేరు ఎందుకు కొట్టేయకూడదో చెప్పుకోవాలని ఇంటికి కబురొచ్చింది.

పేరు కొట్టేస్తే ఇంకెక్కడా నర్సుగా పనిచేయకూడదు. బేబీ ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉండిపోయింది. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవచ్చు. కానీ నర్సు కాకపోతే తనెవరు? అమ్మ సందంతా తిరిగి చెప్పుకున్న ఆ ఒక్క మాటా పోతే ఇంకేం మిగిలింది? ఏడుపొచ్చింది, ఏడ్చింది.

ఇశ్రాయేలు తల్లి మీద గయ్‌మన్నాడు. "నిన్నెవరు చెప్పమన్నరే అమ్మా? నీ నోటి వల్లనే గిదంత అయ్యింది. ఆమె పేరు కొట్టేస్తరట, ఎరుకేనా?"

ఆగమ్మ బిత్తరపోయింది. "నేను మంచే చెప్పిన కదరా! ఒక్క చెడ్డ మాటన్న అన్ననా?" అని కొడుకునీ కోడల్నీ మార్చి మార్చి చూసింది. అర్థమయ్యాక గోడవైపు తిరిగి పడుకుంది. ఆ ఆదివారం పాస్టర్ జోయెల్ లేవండి అన్నాక కాసేపు ఆగాడు, ఆగమ్మ వైపు చూశాడు. ఆమె తల వంచుకుని కూర్చుంది. చర్చి అంతా వెనక్కి తిరిగి చూసింది.

మధ్యలో అభిజ్ఞ ఫోన్ చేసింది. "తప్పు నాదీ ఉంది సిస్టర్. పెట్టేయండి అని నోటితో అనేశాను. కిడ్నీ బాగాలేనివాళ్ళు ఎవరైనా ఆ కుర్చీలో కూర్చుని ఉంటే? తలుచుకుంటే నిద్ర పట్టట్లేదు."

బేబీకి రామలింగయ్య గుర్తొచ్చాడు. ఆ రోజు వాళ్ళింటికి వెళ్ళేసరికే ఆయన కాళ్ళు వాచి ఉన్నాయి. బలం వస్తుందని పెళ్ళాం పట్టుబడితే బాటిల్ పెట్టింది. సగం ఎక్కేసరికి ఆయనకు ఆయాసం వచ్చింది. ఆపేసి, లేపి కూర్చోబెట్టి, వీపు నిమిరింది. కాసేపటికి సర్దుకున్నాడు. మర్నాడు ఆయన పెళ్ళాం వచ్చి నీ చెయ్యి చలవే అని దండం పెడితే బేబీ మురిసిపోయింది కూడా! గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకు ఒంట్లో నీళ్ళెక్కువైతే ఏమవుతుందో ఆమె చదువుకోలేదా? చదువుకుంది. బాటిల్ అడిగినవాళ్ళ మొహాలు చూసి మరిచిపోయింది.

ఆ వారంలోనే ఎల్లేష్ పరుగెత్తుకొచ్చాడు. "అక్కా, మా అమ్మకు వాంతులు, భేదులు. ఒక్క బాటిల్ పెట్టు, లేచి కూసుంటది."

"నేను పెట్ట తమ్మీ. దవాఖానకు తీస్కపోదాం నడు, నేనూ వస్త."

"ఏసీల పని చేసినంక మేమేం కనబడ్తం లే" అని ఎల్లేష్ మూతి తిప్పాడు. బేబీ చెప్పులేసుకుని బయటికొచ్చింది. ఆటో పిలిచి, ముసలమ్మను పట్టుకుని ఎక్కించి, తనూ ఎక్కింది. గల్లీలో రెండు రోజులు ఆమె మీద గొణిగారు. గొణిగితే గొణిగారు.

విచారణ రోజు ఆగమ్మ చర్చిలో బల్లారాధనకు కట్టుకునే తెల్లచీర కట్టుకుని తయారైంది. "నువ్వు రాకమ్మా, నీకు దండం పెడ్త" అన్నాడు ఇశ్రాయేలు. "నేను చెడగొట్టింది నేనే బాగుచెయ్యాలె" అని ముందే వెళ్ళి ఆటోలో కూర్చుంది. అక్కడ బయట కూర్చోమంటే కూర్చోలేదు. ప్యూన్‌ను తోసుకుని కోడలి వెనకే గదిలోకి వచ్చింది.

బల్ల వెనక ముగ్గురున్నారు. మధ్యలో కూర్చున్న పెద్ద మేడం కూడా ఒకప్పుడు నర్సే. కళ్ళద్దాల పైనుంచి చూసి "డాక్టర్ రాసివ్వకుండా ఇళ్ళకు వెళ్ళి బాటిళ్ళు పెట్టారని ఉంది. ఏమంటారు?" అని అడిగింది.

బేబీ చెప్పాలనుకున్న మాట పెగిలేలోపు ఆగమ్మ ముందుకొచ్చి నిలబడింది.

"మేడం, అదంత అబద్ధం. నేనే గొప్పలు చెప్పుకున్న. ఈమె ఎవ్వలకు బాటిల్ పెట్టలే. ఈమెకు సూది పట్టుడే రాదు."

బేబీ అత్త వైపు విస్తుపోయి చూసింది. ఆగమ్మ ఆమె వైపు చూడలేదు. గోడకేసి చూస్తూ, బాగా వల్లెవేసుకొచ్చిన పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పుకుపోయింది.

"చెయ్యి వణుకుతది మేడం. నరం దొరకదు. నాలుగు పోట్లు పొడుస్తది. మా గల్లీల ఈమెను జూస్తే పిల్లలు ఉరుకుతరు. గిసొంటి దాన్ని ఎవ్వలు పిలుస్తరు?"

బేబీ ఎంతవరకని ఊరుకుంటుంది? ఇక ఆగలేకపోయింది.

"అత్తా! నేను ఎన్నడన్న ఎవ్వలకన్న రెండోసారి గుచ్చిన్నా? దేవుని తోడు చెప్పు!"

బల్లకు ఆ చివర కూర్చున్నాయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పెద్ద మేడం కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. నవ్వు దాచుకోవడానికే.

"అంటే పెట్టారన్నమాట" అంది.

"పెట్టిన మేడం" అంది బేబీ. ఇక దాచేదేముంది? రామలింగయ్య ఆయాసంతో సహా చెప్పింది. అది ఎవరూ అడగలేదు, అక్కడెవరికీ తెలియదు కూడా. "గా దినం ఆయన బతికింది నా చెయ్యి వల్ల కాదు మేడం. ఆయన అదృష్టం. అప్పటిసంది ఎవ్వరికీ పెట్టలేదని అబద్ధం చెప్ప. మొన్న క్లినిక్ మూసినంకనే మానేసిన."

పెద్ద మేడం నవ్వు పోయింది. పక్కవాళ్ళతో చాలాసేపు మాట్లాడింది. ఆగమ్మ పెదవులు ప్రార్థన చేసుకుంటూ కదులుతున్నాయి. చివరికి మేడం "పేరు తీసేయడం లేదు. గట్టిగా హెచ్చరిస్తున్నాం" అంది. "చెయ్యి ఎంత మంచిదైనా, ముందు డాక్టర్ చూడాలి. బాటిల్ ఎవరికి పెట్టకూడదో తేల్చేది చెయ్యి కాదు. మళ్ళీ ఇట్లాంటిది నా ముందుకొస్తే ఆలోచించేది ఉండదు. వెళ్ళండి." ఆగమ్మ వైపు తిరిగి "మీరు మాత్రం ఇంకెక్కడా కోడలి గురించి మాట్లాడకండమ్మా, పొగిడినా తిట్టినా ఆమెకు ప్రమాదమే" అంది.

బయటికొచ్చారు. రోడ్డు మీద ఎండ మండిపోతోంది. పేరు నిలిచిందని బేబీకి ఇంకా నమ్మకం కుదరలేదు. పక్కకు చూస్తే అత్త లేదు. నాలుగడుగుల వెనక గేటు పట్టుకుని, తెల్లచీర కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"ఏమైందత్తా? అంత మంచిగనే అయ్యింది కదా! దేవుని ముందల అబద్ధమాడిన్నని ఏడుస్తున్నవా?"

"అబద్ధమాడితే ఏందే, దేవుడే చూస్కుంటడు" అంది ఆగమ్మ. "నీకు సూది పట్టుడు రాదని నా నోటితోని చెప్పిన బిడ్డా. గా మాట అనేటప్పుడు పానం పోయినంత పనైంది."

బేబీ ఆమెను గట్టిగా కావలించుకుంది. గేటుకు అడ్డంగా నిలబడ్డారని ఆటోవాళ్ళు హారన్ కొడుతూనే ఉన్నారు. ఇద్దరిలో ఒక్కరూ పక్కకు జరగలేదు.